ర్యామ్ పెంచినా ల్యాగ్ ఎందుకు పోదు

ఆదివారం సాయంత్రం దిమ్మెలతో ఇళ్లూ ఊళ్లూ కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆటను, ఓ చిన్న సర్వర్‌లో ఆరుగురు స్నేహితులు ఆడుతున్నారు అనుకుందాం. ఒకరు రాయి తవ్వితే అది పగిలిపోతుంది, అర సెకను తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ అక్కడే ఉంటుంది. ఇంకొకరు తలుపు తీసుకుని లోపలికి నాలుగడుగులు వేస్తే, ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు మళ్లీ గుమ్మం బయట తేలతారు. ఆవులు బొమ్మల్లా నిలబడిపోతాయి. చాట్ నిండా "ల్యాగ్ రా బాబూ" అన్న మాటే. సర్వర్ నడిపే కుర్రాడు వెంటనే హోస్టింగ్ పేజీ తెరిచి, 4 జీబీ ర్యామ్ ప్లాన్‌ను 8 జీబీకి మార్చి, డబ్బు కట్టి, రీస్టార్ట్ చేస్తాడు. ఓ అరగంట హాయిగా నడుస్తుంది. (రీస్టార్ట్ చేసిన ఏ సర్వరైనా అరగంట హాయిగానే నడుస్తుంది.) ఆ తర్వాత ఆవులు మళ్లీ నిలబడిపోతాయి.

"ల్యాగ్" అన్న ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు జబ్బులున్నాయి. సర్వర్ చేయాల్సిన పని సకాలంలో పూర్తికాకపోవడం ఒకటి. సర్వర్‌ను నడిపే జావా మధ్యమధ్యలో ఆగి మెమరీ శుభ్రం చేసుకోవడం రెండోది. ఆటగాడికీ సర్వర్‌కీ మధ్య ఉన్న దూరం మూడోది. వీటిలో ర్యామ్‌తో నేరుగా సంబంధం ఉన్నది రెండోదానికి మాత్రమే. చిన్న సర్వర్లను ఎక్కువగా పీడించేది మొదటిది. ఏ జ్వరానికైనా ఒకటే గోలీ వేసినట్టు, మూడింటికీ ర్యామే మందు అనుకోవడం వల్ల డబ్బు పోతుంది గానీ జబ్బు పోదు.

మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ప్రపంచం సెకనుకు 20 సార్లు ముందుకు కదులుతుంది. ఒక్కో కదలికను టిక్ అంటారు. అంటే ఒక్కో టిక్‌కు దొరికే గడువు 50 మిల్లీసెకన్లు. ఆ గడువులోపు ప్రతి జంతువూ ఎటు నడవాలో, ప్రతి మొక్కా పెరగాలో వద్దో, నీళ్లు ఎటు పారాలో, రెడ్‌స్టోన్ తీగలో కరెంటు ఎక్కడిదాకా వెళ్లాలో అంతా తేల్చాలి. అందులో అధికభాగం ఒకే థ్రెడ్ (ప్రాసెసర్ చేసే పనుల ఒక్క వరుస) మీద, ఒకదాని తర్వాత ఒకటిగా జరుగుతుంది. పెళ్లి భోజనాల దగ్గర సరుకుల గది ఎంత పెద్దదైనా పొయ్యి దగ్గర వంటమనిషి ఒక్కడే ఉంటే వడ్డన ఆలస్యం కాక తప్పదు. ర్యామ్ ఆ సరుకుల గది. వంటమనిషి చెయ్యి ఎంత వేగంగా ఆడుతుందన్నది ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ వేగం మీద ఆధారపడుతుంది. అందుకే 16 నెమ్మది కోర్లున్న పాత సర్వర్ మిషన్ కంటే, 4 వేగమైన కోర్లున్న మామూలు డెస్క్‌టాప్ ఈ పనికి మేలు. హోస్టింగ్ ప్రకటనల్లో ర్యామ్ అంకె పెద్దగా కనిపిస్తుంది. ప్రాసెసర్ ఏ మోడలో వెతుక్కోవాలి. అసలు అడగాల్సింది అదే.

ఈ ఒంటి థ్రెడ్ ఇబ్బందిని దాటడానికి పేపర్ సర్వర్ సాఫ్ట్‌వేర్ బృందం 2023లో ఫోలియా అనే రూపాన్ని బయటపెట్టింది. ఆటగాళ్లు దూరదూరంగా ఉంటే ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో థ్రెడ్‌కు పంచుతుంది. వందలమంది చెల్లాచెదురుగా ఆడే చోట అది పనికొస్తుంది. ఆరుగురూ ఒకే ఊరు కట్టుకుని కూర్చున్న సర్వర్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు, పైగా చాలా ప్లగిన్లు (సర్వర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) దానిమీద నడవవు.

గడువు దాటితే ఏమవుతుంది? టిక్‌కు 80 మిల్లీసెకన్లు పడుతోందంటే సెకనుకు 20 బదులు పన్నెండున్నర టిక్‌లే నడుస్తాయి. ఆటలో ఒక పగలూ రాత్రీ కలిపి 24,000 టిక్‌లు. మామూలుగా 20 నిమిషాల్లో అయిపోయే రోజు అప్పుడు 32 నిమిషాలు సాగుతుంది. ప్రపంచమంతా స్లో మోషన్‌లోకి జారుకుంటుంది. లాగ్ ఫైల్‌లో "కాంట్ కీప్ అప్! ఈజ్ ద సర్వర్ ఓవర్‌లోడెడ్?" అన్న హెచ్చరికా, ఎన్ని మిల్లీసెకన్లు వెనకబడ్డదో ఆ లెక్కా కనిపిస్తాయి. ఒక్క టిక్ ఏకంగా 60 సెకన్లు దాటితే వాచ్‌డాగ్ అనే కాపలా భాగం సర్వర్‌ను చంపేస్తుంది. ఆ గడువు మ్యాక్స్-టిక్-టైమ్ అన్న సెట్టింగులో 60,000 అని ఉంటుంది. దాన్ని మైనస్ 1 చేస్తే చంపడం ఆగుతుందని ఇంటర్నెట్‌లో సలహాలు దొరుకుతాయి. ఆగుతుంది నిజమే, కానీ అది ఫ్యూజు కొట్టేస్తోందని ఫ్యూజు బదులు ఇనుప తీగ చుట్టడం లాంటిది.

సెకనుకు ఎన్ని టిక్‌లన్న లెక్క, అంటే టీపీఎస్, ఒక్కటే చూస్తే మోసపోతాం. టిక్‌కు 15 మిల్లీసెకన్లు తీసుకునే సర్వర్‌కూ, 48 తీసుకునే సర్వర్‌కూ టీపీఎస్ 20 అనే వస్తుంది. మొదటిది తాపీగా ఉంది, రెండోది ఇంకొక్క మనిషి లాగిన్ అయితే చతికిలపడుతుంది. టిక్‌కు పట్టిన సమయం చూడాలి. పేపర్‌లో దానికి ఎంఎస్‌పీటీ కమాండ్ ఉంది. మామూలు సర్వర్‌లోనూ 1.20.3 వెర్షన్ నుంచి టిక్ క్వెరీ అన్న కమాండ్‌తో తెలుస్తుంది.

ఇక సెట్టింగుల సంగతి. సర్వర్.ప్రాపర్టీస్ ఫైల్‌లో డజన్ల కొద్దీ వరుసలుంటాయి గానీ, సమయం ఖర్చును నిర్ణయించేవి ముఖ్యంగా రెండే: వ్యూ-డిస్టెన్స్, సిమ్యులేషన్-డిస్టెన్స్. ఆటగాడికి ఎంతదూరం కనిపించాలన్నది మొదటిది. ఎంతదూరం వరకు ప్రపంచం బతికి ఉండాలన్నది రెండోది. రెండూ చంకుల్లో లెక్క. నేలమీద 16 దిమ్మెల పొడవు, 16 దిమ్మెల వెడల్పు ఉన్న ముక్కను చంక్ అంటారు. దూరం 10 అని పెడితే ఆటగాడి చుట్టూ 21 పొడవు, 21 వెడల్పు చదరం, అంటే 441 చంకులు. 6 చేస్తే 169కి దిగుతుంది. 32 చేస్తే 4,225. అంకె మూడింతలైతే పని పదింతలకు దగ్గరవుతుందన్న ఈ వర్గాల (స్క్వేర్) లెక్క చాలామందికి తట్టదు. "10 నుంచి 12 చేశాను, అంతేగా" అంటారు. ఆ రెండు అంకెలకు ఒక్కో ఆటగాడి మీద 184 చంకులు అదనం. అందరూ పక్కపక్కనే ఉంటే చంకులు ఉమ్మడి కాబట్టి పరవాలేదు. ఆరుగురు ఆరు దిక్కులకు పోతే మాత్రం ఆరు రెట్లు.

1.18కి ముందు ఈ రెండు దూరాలూ కలిసే ఉండేవి. విడదీశాక సర్వర్ నడిపేవాళ్లకు ఊపిరి ఆడింది. దూరంగా కొండలు కనబడాలి, అంతేగానీ ఆ కొండల మీద గొర్రెలు నిజంగా నడవనక్కర్లేదు కదా. స్నేహితుల సర్వర్‌కు వ్యూ 8 నుంచి 10, సిమ్యులేషన్ 5 లేదా 6 తగిన కొలత. 5 అంటే 121 చంకులే సజీవం. దీనికి మూల్యం ఉంది: పొలం ఇంటికి కాస్త దూరంలో ఉంటే, ఇంట్లో కూర్చున్నంతసేపూ ఆ పొలంలో గోధుమ పెరగదు. "మా పొలం ఆగిపోయింది" అన్న ఫిర్యాదు వస్తే అది లోపం కాదు, ఈ సెట్టింగు చేసే పనే అది. ముందే చెప్పి పెడితే గొడవ ఉండదు.

ఎగరడం వేరే కథ. ఎలిట్రా రెక్కలు తొడుక్కుని బాణసంచా రాకెట్లు కాలుస్తూ పోయే ఆటగాడు సెకనుకు 30 దిమ్మెలకు పైగా దాటతాడు. అంటే సెకనుకు దాదాపు రెండు వరుసల కొత్త చంకులు. దూరం 10 ఉంటే వరుసకు 21, మొత్తం 40కి పైగా. ఆ దారిలో ఇంతవరకు ఎవరూ పోకపోతే ఆ చంకులు ఇంకా పుట్టలేదు. కొండ, గుహ, చెట్టు, ఖనిజం అన్నీ అప్పటికప్పుడు లెక్కగట్టి పుట్టించాలి. ఈ పని కొంత పక్క థ్రెడ్ల మీద జరిగినా, రెండు కోర్లున్న చవక మిషన్‌లో పక్క థ్రెడ్లన్నవి పేరుకే. ఒకడు ఎగిరితే ఐదుగురికి ల్యాగ్ రావడానికి కారణం ఇదే. మందు సులువైనది: ప్రపంచానికి సరిహద్దు పెట్టి, లోపలి నేలంతా ముందే పుట్టించి ఉంచడం. చంకీ అనే ప్లగిన్ ఈ పని చేస్తుంది. 10,000 దిమ్మెల చదరం గీస్తే లోపల 3,90,625 చంకులు. మిషన్ సెకనుకు 50 పుట్టించగలిగితే రెండు గంటల పైచిలుకు పడుతుంది. ఎవరూ లేని రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి అయిపోతుంది.

సరిహద్దు, దూరం సరిచేశాక కూడా టిక్ సమయం దిగకపోతే తప్పు సెట్టింగులది కాదు, కట్టడాలది. ఎవరో ఒకరు గొప్ప కోళ్ల ఫారం కట్టి ఉంటారు. లేదా ఒకే గదిలో 80 మంది గ్రామస్తులను నిలబెట్టి ఉంటారు. దారి వెతుక్కోవడం, పక్కవాళ్లను గమనించడం వల్ల గ్రామస్తులు బరువైన ప్రాణులు. ఇరుకు గదిలో ఒకరినొకరు నెట్టుకోవడమూ లెక్కే. హాపర్లు (పైనుంచి వస్తువులు అందుకుని పెట్టెల్లోకి జార్చే గరాటులు) ఇంకో రకం. హాపర్ ఒక వస్తువు మార్చాక 8 టిక్‌లు విరామం తీసుకుంటుంది, కానీ ఖాళీగా ఉన్న హాపర్ పైన ఏదైనా పడిందేమోనని టిక్ టిక్‌కూ తొంగి చూస్తూనే ఉంటుంది. వస్తువులను రకాలుగా వేరుచేసే సార్టింగ్ గదిలో అలాంటివి 500 ఉంటే? హాపర్ నెత్తిన ఒక కంపోస్టర్ దిమ్మె పెడితే అది నేలమీద పడిన వస్తువుల కోసం వెతకడం మానేస్తుంది. ఇది పాత ఆటగాళ్లు చెప్పుకునే చిట్కా, నిజంగా పనిచేస్తుంది. ఎక్కడ సమయం పోతోందో ఊహించనక్కర్లేదు. స్పార్క్ అనే ప్రొఫైలర్ ఓ పది నిమిషాలు నడిపితే ఏ పని ఎంత శాతం తింటోందో కొమ్మలు కొమ్మలుగా చూపిస్తుంది. ఫారం యజమానికి అది చూపించడం మాత్రం సర్వర్ నడిపేవాడి దౌత్యానికి పరీక్ష.

ల్యాగ్ ఒక్కోసారి అమాయకుడి మీద నేరం కూడా మోపుతుంది. అలౌ-ఫ్లైట్ అన్న సెట్టింగు మొదట ఫాల్స్‌లో ఉంటుంది. టిక్‌లు తడబడినప్పుడు, నిచ్చెన ఎక్కుతున్నవాడు గాల్లో తేలుతున్నాడని సర్వర్ పొరబడి, ఎగరడం నిషేధమని బయటికి గెంటేస్తుంది. "నేను హ్యాక్ వాడలేదు" అని అతను మొత్తుకుంటాడు. స్నేహితుల సర్వర్‌లో దాన్ని ట్రూ చేయడమే సుఖం.

రెండో జబ్బు మెమరీది. జావా ప్రోగ్రాం వాడి పారేసిన వస్తువులు మెమరీలో పేరుకుంటాయి; అప్పుడప్పుడు ఆట ఆపి చీపురు పట్టాలి. ర్యామ్ మరీ తక్కువైతే గది త్వరగా నిండి, పదేపదే ఊడ్చుకోవడంతోనే సరిపోతుంది. అప్పుడు పెంచడం సబబే. కానీ ఆరుగురి సర్వర్‌కు 16 జీబీ ఇచ్చి, చెత్త సేకరణ పద్ధతి సరిగా ఎంచకపోతే, ఊడ్చినప్పుడల్లా ఆట ఎక్కువసేపు ఆగొచ్చు. ప్లగిన్లు పెద్దగా లేని చిన్న సర్వర్‌కు 4 నుంచి 6 జీబీ చాలు. మిషన్‌లో 8 జీబీ ఉంది కదా అని జావా వాడగల మెమరీ హద్దును చెప్పే ఎక్స్ఎంఎక్స్ విలువ కూడా 8 ఇచ్చే తప్పు మరీ సాధారణం. జావాకు ఆ హద్దుకు బయట కూడా కొంత మెమరీ కావాలి, మిషన్‌ను నడిపే లినక్స్‌కూ కావాలి. చాలనప్పుడు లినక్స్ అందరికంటే ఎక్కువ తింటున్నవాణ్ణి వెతికి చంపేస్తుంది, ఆ తిండిపోతు మన సర్వరే. లాగ్‌లో ఏ తప్పూ కనిపించకుండా సర్వర్ మాయమైతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మూడోది దూరం. దీనికి మందు లేదు, రాజీ మాత్రమే ఉంది. ఇది తెలుగు కుర్రాళ్లకు బాగా తెలిసిన సంగతి, ఎందుకంటే ఇంటర్ వరకు కలిసి ఆడిన నలుగురిలో ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు డల్లాస్‌లో, ఒకరు న్యూజెర్సీలో తేలడం మనకు మామూలే. హైదరాబాద్‌కూ డల్లాస్‌కూ మధ్య దాదాపు 14,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తీగ తిన్నగా ఉన్నా వెళ్లి రావడానికి 140 మిల్లీసెకన్లు, ఏ కంపెనీ ఏ ప్లాన్ అమ్మినా అంతకంటే తగ్గదు. సముద్రగర్భ కేబుళ్లు తిన్నగా ఉండవు కాబట్టి 200 దాటడమే మామూలు. సర్వర్ ముంబైలో పెడితే ఇక్కడివాళ్లకు పండగ, అక్కడివాళ్లకు దండగ. యూరప్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట పెడితే ఇద్దరికీ మధ్యస్థంగా ఉంటుంది. ఇల్లు కట్టుకోవడానికి 150 మిల్లీసెకన్ల పింగ్ (ఈ వెళ్లి వచ్చే సమయం) అడ్డుకాదు. కత్తియుద్ధానికి మాత్రం అది చాలా ఎక్కువ. ఏం ఆడతారో తేల్చుకున్నాకే ఎక్కడ పెట్టాలో తేలుతుంది.

ఇంట్లో పాత కంప్యూటర్ మీదే నడుపుదామనుకునేవారికి మన దేశంలో ఇంకో అడ్డుగోడ ఉంది. రౌటర్‌లో మైన్‌క్రాఫ్ట్ వాడే 25565 పోర్టు (బయటివాళ్లు వచ్చే ద్వారం) తెరిచినా బయటివాళ్లు రాలేరు. రౌటర్ పేజీలో వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే కారణం తెలిసిపోయినట్టే: ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలా ఇళ్లకు పంచుతోంది. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే డోర్ నంబర్ ఉంటే కొరియర్ అబ్బాయి ఏ తలుపు కొట్టాలి? అదనపు రుసుముతో స్టాటిక్ ఐపీ తీసుకోవడం, బయటి మిషన్ మీదుగా దారి మళ్లించే టన్నెల్ సేవ వాడడం, లేదా నెలవారీ అద్దె మిషన్ తీసుకోవడం దారులు. ఫోన్‌లో ఆడేవాళ్లు ఉంటే గీజర్ అనే ప్లగిన్ పెట్టి 19132 యూడీపీ పోర్టు కూడా తెరవాలి; ఫోన్ ఎడిషన్, జావా ఎడిషన్ మాట్లాడే భాషలే వేరు.

సర్వర్ తెరిచాక ఎవరు లోపలికి రావచ్చన్నది వేగం కంటే పెద్ద ప్రశ్న. ఆన్‌లైన్-మోడ్ ట్రూలో ఉంటే, వచ్చినవాడి పేరు నిజమో కాదో అధికారిక ఖాతాల వ్యవస్థతో సరిచూసుకుంటుంది. ఆట కొనని స్నేహితుల కోసం దాన్ని ఫాల్స్ చేయడం ఇక్కడ సర్వసాధారణం. అప్పుడు సర్వర్ చెప్పిన పేరు నమ్ముతుంది, అంతే. అడ్మిన్ పేరు తెలిసిన ఎవడైనా ఆ పేరుతో వచ్చి అడ్మిన్ అయిపోతాడు. వైట్‌లిస్ట్ (లోపలికి రానిచ్చేవాళ్ల జాబితా) పెట్టినా అందులో ఉన్నవీ పేర్లే కదా. అలా నడపక తప్పదనుకుంటే పాస్‌వర్డ్ అడిగే ప్లగినైనా ఉండాలి. నడిమధ్యలో ఈ సెట్టింగు మారిస్తే ఇంకో ముప్పు. ఫాల్స్‌లో ఆటగాడి గుర్తింపు సంఖ్య పేరు నుంచి పుడుతుంది, ట్రూలో ఖాతా నుంచి వస్తుంది. సామాన్లు ఆ సంఖ్య పేరుతోనే ఫైల్‌లో ఉంటాయి. ఒక్క పదం మార్చి రీస్టార్ట్ చేస్తే అందరి జేబులూ ఖాళీ. పాత ఫైళ్లు ప్లేయర్‌డేటా ఫోల్డర్‌లో భద్రంగానే ఉంటాయి, వాటిని అడిగేవాళ్లే ఉండరు.

అప్‌డేట్లు ఎందుకు వాయిదా వేయకూడదో 2021 డిసెంబరు చూపించింది. జావా ప్రపంచమంతా వాడే లాగ్4జే అనే లాగింగ్ లైబ్రరీలో పెద్ద రంధ్రం బయటపడింది. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ చాట్‌లోని ప్రతి వాక్యాన్నీ లాగ్‌లో రాస్తుంది. ఒక ప్రత్యేక రూపంలో ఉన్న వరుస చాట్‌లో టైప్ చేస్తే చాలు, ఆ లైబ్రరీ దాన్ని ఆదేశంగా చదివి బయటి మిషన్ నుంచి కోడ్ తెచ్చి నడిపేది. సర్వర్ మీదే కాదు, ఆ చాట్ చూసిన ఆటగాళ్ల కంప్యూటర్ల మీద కూడా. డిసెంబరు 10న 1.18.1 వెర్షన్‌తో దిద్దుబాటు వచ్చింది. పాత వెర్షన్ మీదే ఉండిపోయినవాళ్లు విడిగా జాగ్రత్త పడాల్సి వచ్చింది.

అంతకు ముందు 2016లో ఇంటి కెమెరాలు, రౌటర్లను లోబరుచుకుని ఇంటర్నెట్‌ను గడగడలాడించిన మిరాయ్ బాట్‌నెట్ (అలా లోబడిన మిషన్ల దండు) కథ మొదలైందీ మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల మధ్య వ్యాపార పోటీ చుట్టూనే. పోటీ సర్వర్‌ను పడగొడితే దాని ఆటగాళ్లు మన దగ్గరికి వస్తారన్న లెక్క. దాన్ని తయారుచేసిన ముగ్గురు అమెరికన్ యువకులు 2017లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. చిన్న సర్వర్‌కు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది: ఇంటి ఐపీ అడ్రస్ పదిమందికి తెలిసిందంటే, కోపం వచ్చిన ఒక్కడు దానిమీదికి ట్రాఫిక్ వరద పంపి ఇంటిల్లిపాదికీ నెట్ లేకుండా చేయగలడు. వైట్‌లిస్ట్ దీన్ని ఆపదు. దూరం నుంచి కమాండ్లు ఇచ్చే ఆర్‌కాన్ పోర్టు 25575ను కూడా బయటికి తెరవొద్దు, దాని పాస్‌వర్డ్ తీగ మీద ఏ ముసుగూ లేకుండా పోతుంది.

చివరికి బ్యాకప్. సర్వర్ నడుస్తుండగా వరల్డ్ ఫోల్డర్‌ను నేరుగా కాపీ చేస్తే, సగం రాసిన ఫైల్ కాపీలోకి రావొచ్చు. ముందు సేవ్-ఆఫ్ కమాండ్ (ఆటోసేవ్ ఆపడానికి), తర్వాత సేవ్-ఆల్ ఫ్లష్ (ఉన్నదంతా డిస్క్ మీద రాయించడానికి), కాపీ, మళ్లీ సేవ్-ఆన్, ఇదీ వరుస. చివరి ముక్క స్క్రిప్టులో మరిచిపోతే ఆటోసేవ్ ఆగిపోయి ఉంటుంది, ఎవరికీ తెలియదు. కరెంటు పోయిన రోజు వారం శ్రమ గల్లంతు. వెర్షన్ మార్చే ముందు కూడా కాపీ తీయాలి, ఎందుకంటే కొత్త వెర్షన్‌లో తెరిచిన ప్రపంచం పాత వెర్షన్‌కు తిరిగి రాదు. 1.20.5 నుంచి కనీసం జావా 21 కావాలి, అది లేకపోతే సర్వర్ అసలు లేవదు. ఇక ఆ కాపీ పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒకటే పద్ధతి. దాన్ని వేరే ఫోల్డర్‌లో పెట్టి, పోర్టు 25566కు మార్చి, సర్వర్ లేపి, లోపలికి వెళ్లి, ఎవరి ఇంట్లో పెట్టె అయినా ఒకటి తెరిచి చూడాలి.